ఇంటర్నెట్ వ్యసనంలో ఉన్నవారిని ఆన్‌లైన్ ఆరోగ్యసేవలతో చేరుకోవడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆరోగ్య సిబ్బందికి, కళాశాల కౌన్సెలర్లకు ఒక మార్గదర్శి

ఇంటర్నెట్ వ్యసనంలో పడినవారు తమంతట తాముగా ఆసుపత్రి మెట్లెక్కడం అరుదు. తమ ఇబ్బందికి వైద్యం అవసరమని చాలామంది ఒప్పుకోరు; ఒప్పుకున్నవారికి సైతం మానసిక వైద్యుడి గది ముందు వరుసలో కూర్చోవడానికి మనసొప్పదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు 200 కిలోమీటర్ల పైమాటే. ఆ ప్రయాణానికి ఖర్చు, తోడు, పోయే ఒక రోజు కూలి ఎలాగో సర్దుకున్నా, "పిల్లాడిని పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారట" అన్న మాట తిరుగు బస్సుకన్నా ముందే ఊరు చేరుతుందన్న భయాన్ని సర్దుకోవడం కష్టం. జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికే వెళ్దామన్నా, అక్కడ ఎవరో ఒకరు తెలిసినవారు తారసపడకుండా ఉండరు.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని పెద్దలంటారు. ఈ మనుషులు దొరికే చోటు ఫోన్ కాబట్టి మొదటి పలకరింపు అక్కడే జరగాలి. "ఫోన్ జబ్బుకు మళ్లీ ఫోన్‌లోనే వైద్యమా" అని పంచాయతీ సమావేశాల్లోనూ, కళాశాల సిబ్బంది గదుల్లోనూ తప్పక అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. ఆన్‌లైన్ సేవ మనిషిని తెర ముందే కూర్చోబెట్టి వారాల తరబడి నడిపిస్తే ఆ ఆక్షేపణ నిజమవుతుంది. రాతలో మొదలైన మాటను గొంతులోకి, గొంతు నుంచి దగ్గరలోని ఒక మనిషి ఎదుటికి త్వరగా దాటిస్తే నిజం కాదు. కింద చెప్పే పద్ధతి అంతా ఈ దాటింపును దృష్టిలో పెట్టుకుని రాసినదే. జర్మనీలోని బోహుమ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి వైద్యులు నడిపిన 'ఒయాసిస్' సేవ కూడా ఈ దారినే పట్టింది: ఇంటర్నెట్‌లో స్వీయపరీక్ష, ఆ తర్వాత వెబ్‌క్యామ్ ద్వారా రెండు సంప్రదింపులు, చివరకు ఆ మనిషి ఉండే చోటికి దగ్గరి కేంద్రానికి అప్పగింత.

ఎవరిని చేరుకోవాలి

రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తున్నారన్న లెక్కతో మొదలుపెట్టకూడదు. పోటీ పరీక్షలకు ఆన్‌లైన్ పాఠాలు వినే అమ్మాయి, ఇంటి నుంచే కంపెనీ పని చేసే అబ్బాయి పది గంటలు తెర ముందు ఉన్నా వ్యసనపరులు కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలోని 11వ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో గేమింగ్ రుగ్మతను చేర్చినప్పుడు చూడమన్నవి మూడే లక్షణాలు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటకే పెద్దపీట వేయడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆపలేకపోవడం. మామూలుగా ఇవి 12 నెలల పాటు కొనసాగి, చదువునో ఉద్యోగాన్నో కుటుంబాన్నో గట్టిగా దెబ్బతీసినప్పుడే ఆ పేరు పెడతారు. 'ఇంటర్నెట్ వ్యసనం' అన్న పేరుతో విడిగా రోగనిర్ధారణ ఆ వర్గీకరణలో లేదు. రీల్స్, బెట్టింగ్, అశ్లీల వీడియోలు, ఆటలు అన్నీ వాడుకలో ఒకే పేరు కింద చెలామణీ అవుతున్నా, ఒక్కొక్కదాని వెనక ఉండే మనిషి కథ వేరు, చేయవలసిన సాయం వేరు. దిగులు, నలుగురిలో మాట్లాడాలంటే భయం, ఏకాగ్రత లోపం, నిద్రలేమి తరచుగా దీనితో కలిసే కనిపిస్తాయి. కొన్నిసార్లు అసలు జబ్బు అదే అయి, ఫోన్ దాన్ని మరిచిపోవడానికి పట్టుకున్న ఆసరా మాత్రమే అవుతుంది.

ఉన్న సేవలనే వాడుకోవాలి

కొత్త యాప్ తయారుచేయించే ఆలోచన చాలా సంస్థలకు వస్తుంది. నా సలహా అడిగితే వద్దంటాను. యాప్‌ల మధ్య ఊపిరాడని మనిషిని ఇంకో యాప్ దించుకోమనడం సబబు కాదు, పైగా అవసరమైన సేవలు ఇప్పటికే ఉన్నాయి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ-మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 1800 891 4416 కూడా పనిచేస్తుంది. భాష ఎంచుకోమని అడిగినప్పుడు తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరాన్ని బట్టి మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, నేరుగా చూడవలసినవారిని జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికో వైద్య కళాశాల ఆసుపత్రికో పంపిస్తారు. దీనికి సాంకేతికంగా పెద్దదిక్కు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్. సాంకేతిక పరికరాల వ్యసనం కోసమే 2014లో 'షట్' క్లినిక్ తెరిచినది కూడా ఆ సంస్థే.

రెండోది ఈ-సంజీవని, అంటే దూరం నుంచే వైద్యుడిని సంప్రదించే ప్రభుత్వ సేవ. ఇది రెండు విధాలుగా నడుస్తుంది. ఇంట్లో ఉన్న రోగి మొబైల్ నంబరుతో నమోదై, ఓటీపీ చెప్పి, టోకెన్ తీసుకుని వైద్యుడితో వీడియోలో మాట్లాడటం ఒక విధం. గ్రామ ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద కేంద్రంలోని వైద్యుడికి కలపడం రెండో విధం. మన జిల్లాల్లో రెండోదే ఎక్కువ ఉపయోగపడుతుందని నేననుకుంటాను. పల్లెలోని హెల్త్ క్లినిక్‌కు జ్వరానికీ వెళ్తారు, బీపీకీ వెళ్తారు. అక్కడి గదిలో అరగంట కూర్చుంటే ఎవరూ వేలెత్తి చూపరు.

పలకరింపు ఎక్కడ, ఎప్పుడు, ఏ మాటలతో

కేంద్రం గోడ మీద అంటించిన పోస్టరు ఈ మనుషుల కంట పడదు, ఎందుకంటే వాళ్లు కేంద్రానికే రారు. ఫోన్ రీచార్జి చేసే కొట్టు, సెల్ రిపేరు దుకాణం, హాస్టల్ మెస్, కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడే చోటు, కళాశాల వాట్సాప్ గ్రూపు, పలాస జీడిపప్పు పరిశ్రమలోని కార్మికులు టీ తాగే కొట్టు మన నంబరు కనిపించవలసిన స్థలాలు. ఎచ్చెర్ల, రాజాం వంటి చోట్ల వేల మంది విద్యార్థులు హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటారు. వాళ్లకు రాత్రి పదకొండు దాటాకే రోజు మొదలవుతుంది. ఉదయం పది గంటలకు పంపిన ఆరోగ్య సందేశం సాయంత్రానికి వందల ఫార్వర్డుల కిందికి దిగిపోతుంది. అదే సందేశం రాత్రి పదకొండున్నరకు అందితే, చూసేవాడు సరిగ్గా ఆ ఇబ్బందిలోనే ఉంటాడు.

సందేశంలో 'వ్యసనం', 'మానసిక రోగం' అన్న మాటలు ఉండకూడదు. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే స్మార్ట్‌ఫోన్ ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. తెర మీద తళుక్కుమన్న ఆ మాటను తండ్రి చదివితే కుర్రాడు మళ్లీ మన దరిదాపులకు రాడు. నిద్ర గురించి అడిగితే ఎవరికీ సిగ్గు ఉండదు. ఒక నమూనా:

"నమస్తే. రాత్రిళ్లు నిద్ర సరిగ్గా పట్టడం లేదా? 1 అని పంపండి. పేరు చెప్పనక్కర్లేదు. రేపు సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య మనిషే ఫోన్ చేసి మాట్లాడతారు. ఈలోగా ఎప్పుడు మాట్లాడాలన్నా 14416."

ఒక్క అంకె పంపమనడానికి కారణం ఉంది. తెలుగు కీబోర్డు లేని ఫోన్లు చాలా, రాయడానికి సంకోచించేవారు ఇంకా ఎక్కువ. జవాబుగా వాళ్లు తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే మనమూ అలాగే రాయడం మంచిది. అచ్చ తెలుగులో నాలుగు వాక్యాలు పంపితే ప్రభుత్వ నోటీసులా అనిపించి మాట అక్కడే తెగిపోతుంది. స్వయంచాలకంగా జవాబిచ్చే ఏర్పాటును వేళ చెప్పడానికి మించి వాడకూడదు.

మొదటి ఫోన్ సంభాషణ

ఈ సంభాషణ పది, పదిహేను నిమిషాలకు మించకుండా చూసుకోవాలి, అది ఎంతసేపో ముందే చెప్పాలి. గడియారం లేని లోకంలో ఉన్న మనిషికి మొదలు, ముగింపు ఉన్న మాట వినిపించడమే చికిత్సలో భాగం. ఫోన్ మానేయమని మాత్రం మొదటి రోజు అనవద్దు. ఉపదేశం అతడు ఇంట్లో రోజూ వింటున్నాడు. మార్పు కోరిక అతడి నోటి నుంచే రావాలన్నది మనస్తత్వవేత్తలు విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ రూపొందించిన ప్రేరణాత్మక సంభాషణ పద్ధతికి మూలం. మద్యం మానిపించే కౌన్సెలింగ్‌లో మన ఆసుపత్రులకు అది పాతదే.

మాట ఇలా నడవవచ్చు.

"నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు తమ్ముడూ?"

"మూడున్నర అయిందన్నా."

"రోజూ అంతేనా, నిన్న ఒక్కరోజేనా?"

"మ్యాచులున్నాయి గదన్నా."

"మ్యాచ్ చూడటమేనా, డబ్బు కూడా పెడుతున్నావా?"

ఇక్కడ ఆగి వినాలి. ఆ మౌనం ఎంతసేపున్నా కౌన్సెలర్ దాన్ని మాటలతో నింపకూడదు. క్రికెట్ చూడటం, ఆన్‌లైన్ ఆట ఆడటం, బెట్టింగ్ వేయడం మూడు వేర్వేరు దారులకు తీసుకెళ్తాయి కనుక ఆ ప్రశ్న తప్పదు, కానీ తప్పుపట్టే గొంతుతో అడిగితే నిజం రాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025 చట్టంతో నిషేధించింది, అంతకుముందే 2020లో ఆంధ్రప్రదేశ్ తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని ఆపింది. అందువల్ల చెప్పుకుంటే పోలీసులకు తెలుస్తుందన్న భయం ఈ కుర్రాళ్లలో బలంగా ఉంటుంది; మనం ఆరోగ్య సేవ తరఫున మాట్లాడుతున్నామని, పోలీసు తరఫున కాదని మొదటి ఫోన్‌లోనే స్పష్టంగా చెప్పాలి.

ప్రశ్నావళి రెండో సంభాషణకు ఉంచుకోవచ్చు. మనస్తత్వవేత్త కింబర్లీ యంగ్ రూపొందించిన ఇంటర్నెట్ వ్యసన పరీక్షలో 20 ప్రశ్నలున్నాయి. ఫోన్‌లో అన్నీ చదివి వినిపిస్తే విసుగు పుడుతుంది కాబట్టి లింకుగానో, కాగితం మీదనో ఇచ్చి, వచ్చిన అంకె గురించి కలిసి మాట్లాడుకోవడం మేలు. ఆ అంకె రోగనిర్ధారణ కాదు. దానితోపాటు దిగులును పట్టే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 తప్పనిసరిగా అడగాలి. దాని తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ.

ప్రమాద సమయంలో

ఆ తొమ్మిదో ప్రశ్నకు జవాబు అవునని వస్తే అప్పటివరకు అనుకున్న క్రమమంతా పక్కన పెట్టాలి. ఫోన్ పెట్టేయకుండా, పక్కనున్న సహోద్యోగి చేత ఇంకో ఫోన్ నుంచి 14416కు, ప్రాణాపాయం దగ్గరలో ఉందనిపిస్తే 108కి గానీ 112కు గానీ చేయించాలి. మనిషి ఉన్న ఊరు, వీధి, దగ్గరి గుర్తు అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో ఉన్నవారిలో అతడు నమ్మే ఒకరిని దగ్గరకు పిలిపించాలి. మన పల్లెల్లో పురుగుమందు డబ్బాలు వసారాలోనే ఉంటాయి; వాటిని ఆ రాత్రికి పొరుగింటికి తరలించమని చెప్పడం చిన్న మాటే అయినా ప్రాణం నిలబెట్టే మాట. ఆత్మహత్యా యత్నం జరిగితే కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకురాని కుటుంబాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, అలా ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్షకు గురిచేయకూడదంటుంది. ఈ సంగతి ఆశ కార్యకర్తలందరికీ తెలిసి ఉండాలి.

బెట్టింగ్‌తో మొదలైన చాలా కథలు లోన్ యాప్‌ల బెదిరింపులతో ముదురుతాయి. ఫోటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తుంటే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయించాలి, వచ్చిన బెదిరింపు సందేశాలను చెరిపేయకుండా ఉంచమని చెప్పాలి. అప్పు భారం అలాగే ఉండగా కౌన్సెలింగ్ ఒక్కటే నిలబడదు.

అవతల నుంచి మాట్లాడేది తల్లి అయినప్పుడు

అసలు మనిషికన్నా ముందు అతడి తల్లో, అక్కో ఫోన్ చేయడం మామూలు. ఆమెను 'మీ అబ్బాయినే చేయమనండి' అని పంపేయకూడదు.

"మా గుంటడు రేత్రంతా ఆ ఫోనట్టుకునే ఉంటన్నాడు బాబూ. తిండి నేదు, నిద్ర నేదు. నానేటి సెయ్యాల?"

"ఫోన్ తీసేసుకుంటే ఏం చేస్తున్నాడు తల్లీ?"

"లాక్కుంటే సామాన్లు ఇసిరేస్తన్నాడు."

ఆమెకు మొదట చెప్పవలసింది లాక్కోవద్దని. హఠాత్తుగా తెంపితే చిరాకు, కోపం, కొందరిలో తమకు తాము హాని చేసుకునే తొందరపాటు పెరుగుతాయి. దాని బదులు అబ్బాయి శాంతంగా ఉన్న వేళ, భోజనం దగ్గర, ఒక్క విషయమే అడగమనాలి: "నీకు నిద్ర లేకపోతే నాకు బెంగగా ఉంది, ఒకసారి ఈ నంబరుతో మాట్లాడతావా?" ఇంటి వైఫై, రీచార్జి వంటివి ఎవరి చేతిలో ఉన్నాయో, ఎవరి ఖాతా నుంచి డబ్బు వెళ్తోందో కూడా ఆమె ద్వారా తెలుసుకోవాలి.

తీరగ్రామాల్లో ఇంకో చిక్కు ఉంది. తండ్రి గుజరాత్‌లోని వెరావల్ రేవులో బోటు మీద ఏడాదిలో చాలా నెలలు ఉంటాడు, అన్న హైదరాబాద్‌లో నిర్మాణ పనికి వెళ్తాడు, ఇంట్లో తల్లీ పిల్లాడూ మిగులుతారు. ఇటువంటి ఇంటికి ఆన్‌లైన్ సేవ వల్ల కలిగే మేలు మామూలు ఆసుపత్రి ఇవ్వలేనిది: ముగ్గురినీ ఒకే కాల్‌లో కలిపి మాట్లాడించవచ్చు. తండ్రి బోటు ఒడ్డున ఉన్న రోజేదో అడిగి ఆ రోజుకే కాల్ పెట్టుకోవాలి, ఎంతసేపో చెప్పాలి, తండ్రి తిట్లతో మొదలుపెట్టకుండా ముందుగా అతడితో విడిగా మాట్లాడి ఉంచాలి.

వారాలు గడిచేకొద్దీ

ఇంటర్నెట్‌ను పూర్తిగా వదిలేయడం ఈ రోజుల్లో కుదిరేది కాదు; ఫోన్‌పేలో చెల్లింపు, కళాశాల నోటీసు, హాల్‌టికెట్ అన్నీ అందులోనే. అందుకే ప్రాణం మీదికి తెచ్చిన ఆ ఒక్క ఆటనో యాప్‌నో పూర్తిగా తీసేసి, మిగతా వాడకాన్ని అదుపులో పెట్టడం చికిత్సలో సాధారణంగా పాటించే మార్గం. మొదట నిద్రను సరిచేయాలి. ఫోన్ ఛార్జింగ్ పడకకు దూరంగా, వీలైతే వేరే గదిలో పెట్టడం, లేపడానికి మామూలు అలారం గడియారం కొనడం, ఆండ్రాయిడ్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్ సమయ పరిమితి, రాత్రివేళ తెర రంగులు పోయే అమరిక పెట్టడం ఫోన్‌లోనే చేయించవచ్చు. సెట్టింగ్ మార్చేది అతడి వేలే కావాలి, మన పని ఎక్కడ నొక్కాలో చెప్పడం వరకే. వాడకం వివరాలను యాప్‌లో కాక నోటు పుస్తకంలో రాయమనాలి: ఎప్పుడు ఫోన్ తీశాను, అంతకు ముందు మనసెలా ఉంది, ఎప్పుడు పెట్టాను. 'మనసెలా ఉంది' అన్న గడిలోనే ఆ వారం మాట్లాడవలసిన విషయం దొరుకుతుంది.

ఇంటర్నెట్ వ్యసనానికంటూ ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. దిగులుకో, ఆందోళనకో వైద్యుడు మందు రాయవచ్చు, ఆ సంగతి ముందే చెబితే మాత్రల భయం తగ్గుతుంది. 2020 మార్చి 25న వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనరుకు వైద్య సంప్రదింపు జరగాలంటే పెద్దవారొకరు పక్కన ఉండాలి. ఆరోగ్య కార్యకర్తే సంప్రదింపు మొదలుపెడితే రోగి సమ్మతి స్పష్టంగా తీసుకోవాలి. 18 ఏళ్లలోపు వారి వ్యక్తిగత సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 డిజిటల్ సమాచార రక్షణ చట్టం చెబుతోంది.

గోప్యత విషయంలో ఎంత చెప్పినా తక్కువే. సాయం కోరినవారందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ఎందుకంటే ఒకరి నంబరు ఒకరికి కనిపిస్తుంది. ఒకే మండలంలో ఆ నంబరు ఎవరిదో తెలుసుకోవడానికి నిమిషం చాలు. సేవకు విడిగా ఒక సిమ్, ఒక ఫోన్ ఉండాలి. వాటిని ఇంటికి తీసుకెళ్లకూడదు.

అప్పగింత

మూడు, నాలుగు ఫోన్ సంభాషణల తర్వాతా పరిస్థితి మారకపోతే, లేదా చదువు ఆగిపోయే స్థితి వస్తే, నేరుగా వైద్యుడిని కలవాలి. 'శ్రీకాకుళం వెళ్లి చూపించుకో' అని చెప్పి వదిలేస్తే వెళ్లరు. ఏ రోజు ఓపీ ఉందో, ఏ గదికి వెళ్లాలో, చీటీ ఎక్కడ రాయించుకోవాలో ముందుగా మనమే ఆసుపత్రికి ఫోన్ చేసి తెలుసుకుని, ఆ వివరాలు ఒక సందేశంలో పంపి, ఆ ఉదయం బస్సెక్కాడా అని ఒక్కసారి పలకరించాలి. వీలైతే ఆ ఊరి ఆశ కార్యకర్తను తోడు పంపాలి, కానీ అందుకు అతడు ఒప్పుకున్నాకే.

మధ్యలో జారుకునేవారు ఆన్‌లైన్ సేవల్లో ఎక్కువ. జవాబు రాకపోతే వారం ఆగి ఒక సందేశం, ఇంకో వారం ఆగి ఒక ఫోన్, ఆ తర్వాత 'ఎప్పుడైనా చేయవచ్చు' అన్న చివరి మాట పంపి ఆపేయాలి. రోజూ గుర్తుచేస్తే మనమూ అతడి ఫోన్‌లో మోగే ఇంకో నోటిఫికేషన్ అవుతాం. ఐపీఎల్ నడిచే వారాల్లోనూ, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లోనూ రాత్రి వేళ ఫోన్ ఎత్తే మనిషిని అదనంగా పెట్టుకోవాలి. ఆ డ్యూటీ జాబితాను ఫలితాల తేదీ ప్రకటించిన రోజే వేసి, కళాశాలలకూ ఆరోగ్య కేంద్రాలకూ పంపాలి.